జాకెట్టు కాదు, జాకెట్!

పోయిన నెల ఈ పేజీలో ఎవరికో జవాబు చెబుతూ చివర్లో ఒక ముక్క అన్నాను: "ఫాక్స్ లెదర్ బాంబర్ కొనుక్కుంటే కొనుక్కోండి గానీ, దాచుకోవద్దు" అని. ఫాక్స్ లెదర్ అంటే చూడ్డానికి తోలులా ఉండే కృత్రిమ సరుకు, బాంబర్ అంటే నడుము దగ్గర పట్టీతో ఆగే పొట్టి జాకెట్. అప్పట్నుంచీ ఉత్తరాలే ఉత్తరాలు. సగం మంది ఎలా వేసుకోవాలో చెప్పమంటున్నారు. తక్కిన సగం మంది ఎందుకు దాచుకోకూడదో చెప్పమని దెబ్బలాటకు వచ్చారు. ఒక పెద్దావిడైతే "బాంబర్ జాకెట్టుకు హుక్కులు ముందా, వెనకా?" అని అడిగారు. ఆవిడ తప్పేం లేదు లెండి. చివరి 'టు' ఒక్కటి జారిపోతే రవిక కాస్తా కోటైపోయే భాష మనది. ఇది కోటమ్మా. హుక్కులుండవు, ముందు జిప్పు ఉంటుంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక మాట. నేను ఫ్యాషన్ చదువుకున్నదాన్ని కాదు. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కాను. అందులో సగం కాలం వేరేవాళ్ళు కుట్టినవి విప్పి సరిచేయడంతోనే సరిపోయింది. ఈ ఏడాది ఏది నడుస్తోందని నన్నడక్కండి. ఏ కుట్టు ఎక్కడ పడితే ఒంటికి ఎలా ఉంటుందో అడగండి, చెబుతాను.

ప్రశ్న: అక్కా, నల్ల ఫాక్స్ లెదర్ బాంబర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఫోటోలో ఉన్న అమ్మాయికి బాణంలా ఉంది. నేను వేసుకుంటే గాలి కొట్టిన ట్యూబులా ఉన్నాను. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. లోపల వదులు టీషర్టు, కింద వదులు జీన్స్ వేస్తాను. తప్పు జాకెట్‌దా, నాదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: టీషర్టుది.

బాంబర్‌ను ఎవరూ సన్నగా కనిపించడం కోసం కనిపెట్టలేదు తల్లీ. విమానాలు నడిపేవాళ్ళ కోసం పుట్టిన బట్ట అది. 1931లో అమెరికా సైన్యం తన పైలట్లకు ఏ-2 అనే తోలు జాకెట్ తెచ్చింది. ముందు జిప్పు; మణికట్ల దగ్గరా నడుము దగ్గరా ఊలుతో అల్లిన పట్టీలు. చలిగాలి లోపలికి దూరకూడదని ఆ పట్టీలు. గంటల తరబడి కూర్చుని చేసే పని కాబట్టి పొడవు నడుముతోనే సరి. ఇవాళ నీ ఒంటిమీద ఉన్నదీ ఆ కట్టింగే. అడుగునున్న పట్టీని మేం రిబ్ అంటాం. అది బిగించి పట్టుకుంటుంది, దాని పైనున్నది పొంగుతుంది. ఆ పొంగు పోతే బాంబర్ మామూలు కోటే.

అందుకని పొంగు ఒక్కచోటే ఉండాలి. నువ్వు మూడు చోట్ల పెడుతున్నావు. పొంగే జాకెట్, దాని కింద ఆరంగుళాలు వేలాడే టీషర్టు, దాని కింద పొంగే జీన్స్. చూసే కంటికి నీ నడుము ఎక్కడుందో అంతు చిక్కడం లేదు.

రేపు ఇలా చేసి చూడు. ఒంటిని అంటుకుని ఉండే పల్చటి టీషర్టో, సన్నటి అల్లిక స్వెటరో వేసుకుని ప్యాంటులోకి దోపెయ్. ప్యాంటు బొడ్డు దగ్గర మొదలవ్వాలి. తుంటి మీద వేలాడేది వద్దు. కాళ్ళు తిన్నగా దిగాలి. జాకెట్ జిప్పు తెరిచి ఉంచు. మెడ నుంచి నడుము దాకా ఒక నిలువు చార కనిపిస్తుంది చూడు, ఎత్తు మడమల చెప్పులు చేసే పని ఖర్చు లేకుండా అది చేస్తుంది.

ఇక పొడవు. ఒక టేపు తీసుకుని మెడ వెనక ఎముక నుంచి రిబ్ అంచు దాకా కొలు. నీ ఎత్తుకు అది 20, 21 అంగుళాలు దాటితే కాళ్ళు కురచగా కనిపిస్తాయి. ఇది శాస్త్రమేం కాదు, నా టేపు చెప్పిన లెక్క. నీది 24 వచ్చిందనుకో, బెంగపెట్టుకోకు. రిబ్‌ను ఒక్క మడత లోపలికి మడిచెయ్. రిబ్ వరకే సుమా, ఫాక్స్ లెదర్‌ను మడవకు. పొంగు పైకి జరిగి, పొట్టి బాంబర్‌లా కూర్చుంటుంది. ముందు నుంచి చూసుకుని మురిసిపోకుండా పక్కకు తిరిగి అద్దంలో చూసుకో. బాంబర్ బండారం బయటపడేది పక్కనుంచే.

వదులు జీన్స్ మీద మనసు చావకపోతే అదీ వేసుకో. కాకపోతే అప్పుడు జాకెట్ నడుము దగ్గరే తెగిపోయేంత పొట్టిదై ఉండాలి. లోపలి టీషర్టు మాత్రం ఎలాగైనా మారాల్సిందే.

ఇంకొక మాట, మెరుపు గురించి. ఫాక్స్ లెదర్ ఎంత మ్యాట్‌దైనా కాస్త మెరుస్తుంది. దాని పక్కన మెరవని బట్ట పెడితేనే దానికి దర్జా: డెనిమ్, కాటన్, ఊలు, కార్డురాయ్. పైనా కిందా రెండూ అదే నలుపు రెక్సిన్‌వి వేస్తే మనిషి మోటార్‌సైకిల్ సీటులా ఉంటుందని నా అభిప్రాయం. మా మేనకోడలు ఒప్పుకోదు. శాటిన్ స్కర్టుకు మాత్రం మినహాయింపు ఇస్తాను. శాటిన్‌ది నీళ్ళ మెరుపు, దీనిది నూనె మెరుపు. రెండూ పక్కపక్కన పోట్లాడుకోవు. కాళ్ళకు తెల్ల స్నీకర్లు వేస్తావో, చీలమండ దాకా వచ్చే బూట్లు వేస్తావో నీ ఇష్టం.

ప్రశ్న: నా దగ్గర పూల ఫ్రాకులు నాలుగున్నాయి. వాటి మీద ఈ జాకెట్ వేస్తే "పైన రౌడీ, కింద చంటిపిల్ల" అంటున్నాడు మా తమ్ముడు. మానెయ్యనా?
– ఇరవై ఏడేళ్ళ ఉద్యోగిని

జవాబు: మానొద్దు. మీ తమ్ముడు తెలియకుండానే ఈ జాకెట్ రహస్యం చెప్పేశాడు. మొరటు పైన, మెత్తన కింద, అదే దీని అందం.

చూసుకోవాల్సింది కుట్లనే. ఫ్రాకు కుచ్చిళ్ళు నడుము దగ్గర మొదలై, జాకెట్ రిబ్ మూడంగుళాలు కిందకు దిగిందనుకోండి, రిబ్ ఆ కుచ్చిళ్ళన్నిటినీ నొక్కేసి పొట్ట మీద ముద్ద చేస్తుంది. లేని పొట్ట వస్తుంది. రిబ్ ఫ్రాకు నడుము కుట్టు మీదే ఆగాలి, లేదా ఇంకాస్త పైన. జాకెట్ పొడవైతే చేతులు తొడుక్కోకుండా భుజాల మీద వేసుకోండి. బుట్ట చేతుల ఫ్రాకు మాత్రం దీని కింద వద్దు. ఫాక్స్ లెదర్ సాగదు, చంకల దగ్గర ఇరుక్కుని ప్రాణం తీస్తుంది. పిక్కల దాకా వచ్చే ఫ్రాకులైతే మోకాలి పైవాటికంటే ఎక్కువ నప్పుతాయి.

ప్రశ్న: నలుపా, గోధుమరంగా, తెలుపా? ఒక్కటే కొనగలను.

జవాబు: మీ బీరువాలో ఎక్కువ నలుపూ నీలమూ ఉంటే ముదురు గోధుమరంగు. అన్ని రంగులూ ఉంటే నలుపు. తెలుపు మాత్రం, మీకు నీలం జీన్స్ అలవాటుంటే వద్దు. కొత్త జీన్స్ రంగు తెల్ల ఫాక్స్ లెదర్‌లోకి ఇంకిపోతుంది. అది మరక కాదు, పూతలోకే దిగిన అద్దకం. తుడిస్తే పోదు.

ప్రశ్న: మేడమ్, రెండేళ్ళ కింద కొన్న జాకెట్. నాలుగంటే నాలుగే సార్లు వేశాను. మిగతా కాలమంతా, కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లోనే బీరువా పై అరలో భద్రంగా ఉంది. మొన్న తీసి చూస్తే కాలర్ దగ్గర పొరలు పొరలుగా ఊడిపోతోంది. నాలాగా వస్తువును జాగ్రత్త చేసేవాళ్ళు ఉండరు. నన్ను మోసం చేశారా?
– ఒక గృహిణి

జవాబు: ఆ జాగ్రత్తే కొంప ముంచిందమ్మా. మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. నా కథా ఇదే.

నా మొదటి ఫాక్స్ లెదర్ జాకెట్ ముదురు ఎరుపుది. బట్టలు కుట్టే మనిషినై ఉండి కూడా కొనుక్కున్నాను, ఎందుకంటే అలాంటిది నేను కుట్టుకోలేనని తెలుసు. మంచి సందర్భం రావాలని మూడేళ్ళు కవర్లో ఉంచాను. చివరికి ఒక స్నేహితురాలి పుట్టినరోజుకు తెల్ల చొక్కా మీద వేసుకెళ్ళాను. రెండు గంటలు వాళ్ళ సోఫాలో కూర్చుని కబుర్లాడి లేచాను. లేత మీగడ రంగు సోఫా. నా వీపు ఆనిన మేరా ఎర్రటి పొట్టు. నా మెడ నిండా అదే. ఆవిడ ఒక్క మాట అనలేదు, చీపురు తెచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి కోపం కొద్దీ కత్తెర తీసుకుని ఆ జాకెట్‌ను నిలువునా కోశాను. లోపల ఏముందో అప్పుడు అర్థమైంది. తోలుకూ దీనికీ చుట్టరికం లేదు. అడుగున ఒక పల్చటి అల్లిక గుడ్డ, దాని మీద ఒక పూత, ఆ పూత మీద తోలు గీతల్లా కనిపించే అచ్చు. అంతే. ఆ పూత ఎక్కువగా పీయూ, అంటే పాలీయూరిథేన్ అయి ఉంటుంది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం చేసిన పదార్థం. కొన్నిటికి పీవీసీ పూత ఉంటుంది. అది కాస్త మందం, గట్టి, గాలి ఆడదు.

పీయూకు శత్రువు తేమ. ఆ పూత పొడవాటి గొలుసుల్లాంటి అణువులతో అల్లుకుని ఉంటుంది. గాలిలోని చెమ్మ ఆ గొలుసుల లంకెలను ఒక్కొక్కటే తెంపుతుంది. సైన్సు పుస్తకంలో దీన్నే జలవిశ్లేషణ అంటారు. వేడి తోడైతే పని ఇంకా చురుగ్గా సాగుతుంది. కొన్నేళ్ళు తొడగకుండా దాచిన బూట్లు ఒకరోజు వేసుకోగానే అడుగు పొడిపొడిగా రాలిపోవడం చూసే ఉంటారు. అక్కడా చాలాసార్లు దొంగ ఈ పీయూయే. ఇక ప్లాస్టిక్ కవరు లోపలి చెమ్మను బయటకు పోనివ్వదు. మీరు భద్రం అనుకున్నది దానికి ఆవిరి గది.

అన్నిటికంటే ముఖ్యం, ఈ జాకెట్ వయసు మీరు వేసుకున్న రోజు నుంచి మొదలవదు. తయారైన రోజు నుంచే మొదలవుతుంది. వేసినా వేయకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. పోయిన నెల దాచుకోవద్దన్నది అందుకే. పీవీసీది కూడా చిరంజీవేం కాదు. దాన్ని మెత్తగా ఉంచే నూనెల్లాంటి పదార్థాలు క్రమంగా బయటికి పోయి, బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది.

ఊడిన పూతను మళ్ళీ అతికించే మందు లేదు. రంగు పూసి ఒకటి రెండు సాయంత్రాలు గడపొచ్చు, పక్కన మళ్ళీ ఊడుతుంది. అయితే మీది కాలర్ ఒక్కటే పోయిందంటున్నారు కదా, అది అదృష్టమే. కాలర్ మొత్తం విప్పించి, దాని చోట నడుము పట్టీలాంటి రిబ్ కాలర్ వేయించండి. ఎవరికీ అతుకని అనిపించదు, ఎందుకంటే బాంబర్‌కు రిబ్ కాలర్ సొంత సొత్తే. 1950ల నాటి ఎంఏ-1 నైలాన్ బాంబర్‌కు, పారాచూట్ పట్టీలకు అడ్డం రాకుండా, బొచ్చు కాలర్ తీసేసి అల్లిక కాలరే పెట్టారు.

ఇకమీదట వెడల్పాటి భుజాలున్న హ్యాంగర్‌కు తగిలించండి. పైన దుమ్ము పడకుండా పాత దిండు గలీబుకు నెత్తిన చిల్లు పెట్టి తొడగండి, గుడ్డ కాబట్టి గాలి ఆడుతుంది. మడత పెట్టొద్దు. పక్కన ఇంకో రెక్సిన్ వస్తువును ఆనించొద్దు, రెండూ అంటుకుంటాయి. నెలకోసారి నీడలో గాలికి ఆరేయండి. అన్నిటికంటే మేలైనది, వారానికోసారి వేసుకుని బయటికి వెళ్ళండి.

ప్రశ్న: పార్సిల్‌లో మడతలు పడి వచ్చింది. ఇస్త్రీ చేయొచ్చా? వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?

జవాబు: ఇస్త్రీపెట్టె నేరుగా తగిలితే పూత కరిగి పెట్టెకే అంటుకుంటుంది. వేడినీళ్ళ స్నానం చేసేటప్పుడు స్నానాలగదిలో, తడి తగలని మూల హ్యాంగర్‌కు తగిలించండి. ఆవిరికి మెత్తబడ్డాక చేత్తో సాఫు చేసి, బయట గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తేమ శత్రువని ఇప్పుడే చెప్పి ఆవిరి పట్టమంటోందేమిటని అడుగుతారు. ఒక్క పూట పరవాలేదు, ఆరబెట్టకుండా బీరువాలో పెట్టడమే తప్పు.

ఉతుకు సంగతి లోపలి లేబుల్‌నే అడగండి. గుండ్రటి సున్నాను ఇంటూ గుర్తుతో కొట్టేసి ఉంటే డ్రై క్లీనింగ్ వద్దని. ఆ ద్రావకాలు కొన్ని పూతలను బిరుసెక్కిస్తాయి. చాలావాటికి తడి గుడ్డ, ఒక చుక్క తేలిక సబ్బు, తరవాత మంచినీళ్ళ గుడ్డ, ఆపైన పొడి గుడ్డ చాలు. సిరా మరక పడితే స్పిరిట్ పూయకండి, సిరాతోపాటు రంగూ వస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ తడి ఆరకుండా జాకెట్ తొడుక్కోకండి. సెంటు దాని మీద కొట్టకండి. లైనింగ్‌కు చెమట పడితే తిరగేసి లైనింగ్ మాత్రం తుడవండి. జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి ముక్కతో రెండు వైపులా రుద్దండి.

ప్రశ్న: 'వీగన్ లెదర్' అని రాసి ఉన్నవి ఎక్కువ రోజులు వస్తాయా? పర్యావరణానికి మంచివటగా?

జవాబు: జంతువును చంపలేదని ఆ మాటకు అర్థం. ఎన్నాళ్ళు వస్తుందో ఆ మాటలో లేదు. చాలా లేబుళ్ళ మీద వీగన్ లెదర్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, లోపలి చిన్న పట్టీ మీద 'పాలీయూరిథేన్' అని ఉంటుంది. పాత సరుకుకు కొత్త బారసాల. మనం రెక్సిన్ అంటూ వచ్చింది కూడా అసలు ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరున్న ఒక కంపెనీ సరుకు పేరు, గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్ పూసి తోలు అచ్చు కొట్టేవాళ్ళు. పేర్లు మారుతుంటాయి, గుడ్డ మీద పూత అన్నది మారలేదు.

అనాస ఆకుల నారతో చేసేవీ, బ్రహ్మజెముడుతో చేసేవీ ఉన్నాయి. వాటిలోనూ సాధారణంగా పీయూ కలుస్తుంది. జంతువుల మీద దయతో కొంటానంటే మీకు నమస్కారం. భూమి మీద దయతో కొంటానంటే, కొన్న ఒక్కదాన్ని ఊడిపోయేదాకా వేసుకోండి. ఈ పూత మట్టిలో కలిసిపోయేది కాదు.

ప్రశ్న: అక్కా, నా జాకెట్ భుజాలు పెద్దవి, చేతులు రెండంగుళాలు పొడవు. మా టైలర్ "పిన్నులు పెట్టి చూద్దాం" అంటున్నాడు. ఇవ్వనా?

జవాబు: పిన్ను అన్నాడా? జాకెట్ వెనక్కి తెచ్చేసుకో.

గుడ్డలో దిగిన సూది బయటికొస్తే దారాలు మళ్ళీ కలిసిపోతాయి. ఫాక్స్ లెదర్‌కు దారాలుండేది అడుగునే, పైనంతా పూత. పడిన చిల్లు చిల్లుగానే ఉంటుంది. అందుకే దీనికి పిన్నుల బదులు క్లిప్పులు పెట్టాలి. అందుకే దీన్ని చిన్నది చేయవచ్చు గానీ, కుట్టు విప్పి వదులు చేయలేం. పాత కుట్టు చిల్లుల వరస బయటికొచ్చి వెక్కిరిస్తుంది. కుట్టు కూడా పెద్దది పడాలి, 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. చిన్న కుట్టు వేస్తే దగ్గర దగ్గరగా చిల్లులు పడి, తపాలా బిళ్ళల కాగితంలా ఆ గీత వెంబడే చిరుగుతుంది. తోలు సూది కావాలి. మిషన్ పాదానికి పూత అతుక్కుని ముందుకు కదలదు, అందుకు టెఫ్లాన్ పాదం వాడతారు. అది లేనప్పుడు నేను మామూలు పాదం అడుగున కాగితం టేపు అంటించి కానిచ్చేదాన్ని. ఇవన్నీ మీ టైలర్‌ను అడుగు. తడుముకోకుండా జవాబు చెబితే ఇవ్వు.

చేతులు రెండంగుళాలే కదా, అది సులువు. మణికట్టు రిబ్ విప్పి, చెయ్యి కత్తిరించి, అదే రిబ్ మళ్ళీ వేస్తారు. భుజాల జోలికి మాత్రం వెళ్ళనివ్వకు. భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం ఊడదీసి, చంక రౌండు మళ్ళీ కోసి, లైనింగ్‌తో సహా కుట్టాలి. జాకెట్ ధర కంటే ఆ పని ధర ఎక్కువవుతుంది. భుజం కుట్టు మీ భుజం ఎముక దాటి అంగుళం కిందకు దిగితే ఆ కాస్త వదులు ఫ్యాషనే అనుకో. రెండు దాటితే వాపసు చెయ్.

ఒకటి గుర్తుపెట్టుకో. అసలు తోలు వేసుకోగా వేసుకోగా ఒంటి ఆకారానికి వస్తుంది. ఇది రాదు. కొనే రోజు చేతులు ముందుకు చాపినప్పుడు వీపు పట్టేస్తే, ఆఖరి రోజున కూడా పట్టేస్తుంది.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన బాంబర్ సరదాకి తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, బాగున్నాననిపించింది. పక్కింటావిడ చూసి "పిల్లల బట్టలు మనకెందుకండీ" అంది. తీసేశాను. మీరేమంటారు?

జవాబు: పిల్లల బట్టలా? వదినగారూ, ఆ పక్కింటావిడకు ఇది చదివి వినిపించండి.

1943, 44లలో అమెరికాలో వాస్ప్ అని మహిళా పైలట్ల దళం ఒకటి ఉండేది. శిక్షణ పూర్తి చేసి రెక్కల బిళ్ళ అందుకున్నవాళ్ళు 1,074 మంది. కొత్త యుద్ధవిమానాలను కర్మాగారాల నుంచి స్థావరాలకు చేర్చేవాళ్ళు. తోలు బాంబర్లు తొడిగేవాళ్ళు, గుండె దగ్గర ఫిఫినెల్లా అనే రెక్కల బొమ్మ, డిస్నీ వాళ్ళు గీసింది. ఇంతా చేస్తే వాళ్ళను సైనికులుగా గుర్తించింది 1977లో. అప్పటికి వాళ్ళు ఇంచుమించు మీ వయసువాళ్ళే. వాళ్ళ జాకెట్‌ను పిల్లల బట్టలని అనమనండి చూద్దాం.

1932లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన అమీలియా ఇయర్‌హార్ట్ గురించి ఒక ముచ్చట చెబుతారు. విమానం నేర్చుకునే రోజుల్లో కొత్త తోలు జాకెట్ కొనుక్కుందట. మరీ కొత్తగా ఉంటే తోటి పైలట్లు నవ్వుతారని, నలగడం కోసం దాన్ని తొడుక్కునే నిద్రపోయిందట. మీరు మాత్రం ఆ పని చేయకండి. తోలు నలిగితే అందం, ఫాక్స్ లెదర్ నలిగితే మోచేతుల దగ్గర పగులు.

మీకు చెప్పాల్సినవి రెండే. అమ్మాయి జాకెట్ కాబట్టి జిప్పు పూర్తిగా వేసి కుర్చీలో కూర్చుని చూడండి. రిబ్ పొట్ట మీదకు ఎగబాకకపోతే సైజు మీదే. లోపల మెడ దగ్గర 'వి' ఆకారంలో తెరుచుకునే సాదా టాప్, కింద తిన్నటి ప్యాంటు వేసుకోండి. మెడలో మెత్తటి స్కార్ఫ్ ఒకటి వదులుగా చుడితే కాలర్‌కు చెమటా పట్టదు. మీ భుజాలకూ సుఖమే, అసలు తోలు కంటే ఇది చాలా తేలిక. అమ్మాయి వచ్చి అడిగితే, వదిలేసి వెళ్ళిన వస్తువు మీద హక్కు పోయిందని చెప్పండి.

ప్రశ్న: నమస్కారమండీ. ఈ శీర్షిక మగవాళ్ళూ చదువుతారు. మా ఆవిడకు చెప్పకుండా ఈ జాకెట్ కొని ఇద్దామనుకుంటున్నాను. సైజు అడిగితే పసిగట్టేస్తుంది. ఎలా?

జవాబు: ఆవిడ ఇంట్లో లేనప్పుడు, ఆవిడకు సరిగ్గా పట్టే కోటో, స్వెట్‌షర్టో ఒకటి బీరువాలోంచి తీయండి. వదులుది కాదు, ఆవిడ ఎక్కువగా వేసుకునేది. బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా సర్ది, ఒక చంక కుట్టు నుంచి ఇంకో చంక కుట్టు దాకా కొలవండి. దాన్ని రెట్టింపు చేస్తే ఛాతీ చుట్టుకొలత. తరవాత వీపు వైపు తిప్పి ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా, మెడ కింద నుంచి అంచు దాకా, భుజం నుంచి మణికట్టు దాకా. నాలుగు అంకెలు. దుకాణం వాళ్ళ సైజు పట్టికలో అవి జాకెట్ కొలతలా, ఒంటి కొలతలా చూసుకోండి, చాలామంది బోల్తా పడేది అక్కడే. మీరు కొలిచింది బట్టను కాబట్టి జాకెట్ కొలతలతోనే పోల్చండి. రెండు సైజుల మధ్య తేలితే పెద్దదే తీసుకోండి. వాపసు తీసుకునే గడువు కనుక్కోండి, బిల్లు పారేయకండి.

ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవరు తీసేసి ఇవ్వండి. కొత్త వాసన వస్తుంది, అంతకుముందు ఒకటి రెండు రోజులు ఎక్కడైనా గాలికి తగిలించండి.

కొలవడం అయ్యాక ఆ పాత కోటును అదే హ్యాంగర్‌కు, అదే వైపు తిప్పి, అవే రెండు బట్టల మధ్య పెట్టండి. మేం గమనిస్తాం.